వరహాలమ్మ ఆపిన బండి

ఆ వేసవిలో మా అమ్మను ఎన్ని వేదికలు ఎక్కించారో లెక్క లేదు. బిర్సానగర్ బజారులో ఒకసారి, అగ్రికో మైదానంలో ఒకసారి, టాటానగర్ స్టేషను వెనక లోకో కాలనీలో అయితే ఎప్పుడు పడితే అప్పుడు. ఎక్కడం, మెడలో దండ వేయించుకోవడం, కుర్చీ అంచున తల వంచుకుని కూర్చోవడం, సభ అయ్యాక దిగి ఇంటికి రావడం. ఇంటికి రాగానే ఆ బంతిపూల దండ తీసి పక్కింటివాళ్ళ మేకకు వేసేసేది. ఒక్కటైనా ఉంచమ్మా, గోడకు తగిలిద్దాం అని నేను గొడవపడితే, పోనీలే, దానికైనా కడుపు నిండుతుంది అనేది. నాకు ఒళ్ళు మండేది.

ఎమర్జెన్సీ పోయి ఢిల్లీలో ప్రభుత్వం మారిన ఏడాది అది. ఆ ఎన్నికల వేడి చల్లారకముందే అసెంబ్లీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. మా టాటానగర్ అప్పుడు బీహారులో ఉండేది. పగలంతా ఎండ, సాయంత్రం అయ్యేసరికి మైకులు. ఎవరూ ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. నేను మరీను. మెట్రిక్ అయ్యాక బిష్టుపూర్‌లో ఒక చీరల కొట్టులో పనికి కుదిరాను. పొద్దున్నే టెంపోలో వేలాడుతూ వెళ్ళడం, సాయంత్రం సభ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తడం. వేదిక మీద ఉన్నది మా అమ్మ మరి.

మాట్లాడే పనంతా పోలరాజుగారిది. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. మూడేళ్ళ క్రితం రైల్వే సమ్మెలో మా నాన్నతోబాటు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. మంచి మాటకారి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు జముకుల కథ చెప్పేవాడట, ఆ గొంతు ఈయనకు వచ్చింది. జముకు పట్టుకుని తీగ మీటాడంటే వెళ్ళిపోయేవాళ్ళు కూడా వెనక్కి వచ్చి నిలబడేవాళ్ళు. అప్పుడు మొదలుపెట్టేవాడు.

అడ్డమై పడుకుంది అక్క వరహాలమ్మ
అడుగు దూరంలోన ఆగింది రాకాసి

వరహాలమ్మ మా అమ్మ, రాకాసి అంటే ఇంజను. సమ్మె జోరుగా ఉన్న రోజుల్లో పోలీసులు కాపలా పెట్టి ఒక ఇంజనును షెడ్డులోంచి బయటికి తీయించారు. కాలనీ ఆడవాళ్ళు ఎర్రజెండాలతో పట్టాలకు అడ్డంపడ్డారు. ఇంజను కూత వేసుకుంటూ మీదికి రాగానే అందరూ చెదిరిపోయారు గానీ వరహాలమ్మ ఒక్కతే కదల్లేదు. ఆ తోలేవాడు ద్రోహి, మనిషి ప్రాణం లెక్కచేయనివాడు. అయినా ఆమె కళ్ళలోకి చూసి వాడి చెయ్యి వణికింది. ఇంజను ఆగింది. వచ్చిన దారినే షెడ్డులోకి తిరిగిపోయింది. ఇదీ కథ. ఆ ద్రోహి ఎవరో పోలరాజుగారు పేరు చెప్పేవాడు కాదు. చెప్పనక్కర్లేదు, కాలనీలో అందరికీ తెలుసు. ఆయన మా నాన్నకు సొంత అన్నగారు, మా పెద్దనాన్న ముసలయ్య.

కథ సభసభకూ పెరిగేది. మొదట్లో అమ్మ పట్టాల మీద కూర్చునేది. ఎండలు ముదిరేసరికి పడుకుంది. అగ్రికో మైదానంలో ఆమె గుండెల మీదికి ఒక చంటిబిడ్డ కూడా వచ్చి చేరింది. సమ్మెనాటికి మా తమ్ముడు చినబాబు గోలీలాడే వయసువాడు, మా ఇంట్లో అందరికంటే చిన్నవాడు వాడే. ఆ రోజు ఇంటికి వచ్చాక వాడు చెప్పులు విప్పుతూ, "వో బచ్చా కౌన్ థా, అమ్మా?" అన్నాడు, ఆ బిడ్డ ఎవరని. అమ్మ వాడి నెత్తిమీద ఒక్కటి మొట్టి అంబలి కలపడానికి వెళ్ళిపోయింది.

నేను మాత్రం నమ్మాను. బిడ్డ సంగతి పక్కన పెట్టి మిగతాదంతా నమ్మాను. సమ్మె ముందే నన్ను పలాసలో మా అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. తిరిగి వచ్చేసరికి నాన్న జైల్లో ఉన్నాడు, క్వార్టరు పోయింది, అమ్మా తమ్ముడూ బిర్సానగర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉన్నారు. కుళాయి లేదు. బోరింగు దగ్గర బిందెల యుద్ధం. జైలు నుంచి వచ్చాక నాన్న ఒక కంట్రాక్టరు దగ్గర ఇసుక మోసేవాడు. ఇన్ని పోయాక మాకంటూ మిగిలింది ఆ కథ ఒక్కటే. దాన్ని నేను కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళకు చీరలు విప్పి చూపిస్తూ చెప్పేదాన్ని.

ఏప్రిల్ దాటాక నాన్న గోవిందరావు మళ్ళీ ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయ్యాడు. సమ్మెలో తీసేసినవాళ్ళందరినీ తిరిగి తీసుకోమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి డ్యూటీకి వెళ్ళే రోజు ఆయన నీలం చొక్కా అమ్మ ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. బొగ్గుమసిలోకి వెళ్ళే మనిషికి ఇస్త్రీ ఏమిటని ఆయన విసుక్కున్నాడు గానీ అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు. ఇక క్వార్టరు కూడా వస్తుంది, కుళాయి వస్తుంది, మన రోజులు తిరిగాయి అనుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం పెద్దమ్మ కొట్టుకు వచ్చింది.

మూడేళ్ళలో మా రెండు ఇళ్ళకూ మాటలు లేవు. అసలు ఆ ఇంటితో ఎవరికీ మాటలు లేవు. వాళ్ళు లోకో కాలనీలో పాత క్వార్టరులోనే ఉన్నా పెళ్ళి పిలుపు లేదు, చావు కబురు లేదు. పెద్దనాన్నతో డ్యూటీకి వెళ్ళడానికి ఫైర్‌మన్లు ఒప్పుకునేవాళ్ళు కాదు, కొత్తగా చేరి ఏమీ తెలియనివాళ్ళను వేసి పంపేవారు. పెద్దమ్మ జగదాంబకు పిల్లల్లేరు. మా నాన్నను పదేళ్ళప్పుడు ఊరి నుంచి తెచ్చి పెంచింది, నన్ను ఎత్తుకుని తిప్పింది. ఆవిడ కొట్టు గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తోంది. చిక్కిపోయింది. కొట్టు యజమాని సేఠ్ చూస్తున్నాడని ఒక చీర విప్పి ఆవిడ ముందు పరిచాను. ఆ చీర అంచు పట్టుకుని చూస్తున్నట్టుగానే మాట్లాడింది.

జూను ఆఖరున పెద్దనాన్న రిటైరవుతున్నాడు. రైల్వేలో డ్రైవరు ఆఖరి బండి తెచ్చే రోజంటే మామూలు రోజు కాదు. షెడ్డు షెడ్డంతా ఎదురొస్తుంది. ఇంజనుకు దండలు కడతారు, బాజాలు పెడతారు, డ్రైవరు పెళ్ళాన్ని కూడా అక్కడికి తీసుకువెళ్ళి ఇద్దరికీ కలిపి దండలు వేస్తారు. ఆయన డ్యూటీ పెట్టె ఆయన్ను మోయనివ్వరు, ఎవరో ఒకరు లాక్కుని ఇంటిదాకా మోసుకొస్తారు. తాగి డ్యూటీకి వచ్చిన డ్రైవర్లకూ చేశారు, కిందివాళ్ళను బూతులు తిట్టినవాళ్ళకూ చేశారు. పెద్దనాన్నకు మాత్రం ఎవరూ రారట. ఒక్కరు వెళ్ళినా వాళ్ళనూ వెలివేస్తామని షెడ్డులో చెప్పేశారట.

"ఆయన ఏటీ అడగరే. నానే అడుగుతున్నాను" అంది పెద్దమ్మ. "ఆకరి బండి దిగి, ఆ పెట్టి ఆయనే సేత్తో పట్టుకోని, ఒక్కరూ నడిసి ఇంటికి వత్తే నాను సూడనేను. మీ అమ్మతో సెప్పు. ఇంకెవులొద్దు, అది ఒక్కర్తి వచ్చి నిలబడితే సాలు."

అది ఎందుకో నాకు అర్థం కాలేదు. అందరికంటే రాకూడని మనిషి మా అమ్మే కదా? ద్రోహిని ఆపిన మనిషి ద్రోహికి ఎదురు వెళ్తుందా? చెప్తానని తల ఊపాను. ఆవిడ చీర మడత సరిగ్గా పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ గుమ్మం ముందు చేటలో బియ్యం చెరుగుతుంటే చెప్పాను. చెప్పి, నువ్వు వెళ్ళకూడదని కూడా అన్నాను. వెళ్తే పోలరాజుగారికి ఏం మొహం చూపిస్తాం, నాన్నకు ఎంత తలవంపు అని పెద్ద ఆరిందాలా చెప్పుకుపోతున్నాను. అమ్మ చెరగడం ఆపేసింది. తరవాత చేట పక్కన పెట్టింది.

"ఆ దినం నాను పడుకోనేదే, సిన్నమ్మీ" అంది.

కూర్చున్నావులే, నాకు తెలుసు అన్నాను.

"కూకున్నాం. అందరం కూకున్నాం. ఎదరగా నానూ తవిటమ్మా. ఇంజను మెల్లగానే వచ్చింది. మా దాకా రాకుండానే ఆగింది కూడా. కిటికీలోంచి తల బయటెట్టి సూసినారు. సూద్దును గదా, బావగారు. ఇంకేటి కూకుంటాను? లేసినాను."

నాకు ఇంకా అర్థం కాలేదు. లేచి ఏం చేశావన్నాను.

"కొంగు కప్పుకోని పక్కకి తప్పుకున్నాను. నన్ను సూసి అందరూ లేసీసినారు. బండి ఎల్లిపోనాది."

మా ఇళ్ళలో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట కూర్చోదు. ఆయన గుమ్మంలో అడుగుపెడితే ఈవిడ లేచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, దారి వదిలి గోడవారకు తప్పుకోవాలి. నేరుగా మాట్లాడుకోకూడదు. ఏ మాటైనా మధ్యలో పిల్లల్ని పెట్టి చెప్పుకోవాలి. ఆయన అక్కడే నిలబడి ఉన్నా, "సిన్నమ్మీ, మీ పెదనాన్నని కాళ్ళు కడుక్కోమను" అనేది అమ్మ. ఆయనేమో, "సిన్నమ్మీ, మీ అమ్మని మంచినీళ్ళు ఇమ్మను" అనేవాడు. మధ్యలో నేను తపాలా డబ్బాలా నిలబడేదాన్ని. కాపురానికి వచ్చిన నాటినుంచీ అమ్మ ఆయన్ను చూస్తే లేచింది. ఆ రోజూ లేచింది. అది పట్టాలనీ సమ్మె అనీ ఆమె కాళ్ళకు గుర్తులేదు.

నాకు ముందు నవ్వొచ్చింది. పడీపడీ నవ్వాను. తరవాత ఏడుపొచ్చింది. బండి షెడ్డుకు తిరిగిపోలేదా అంటే, షెడ్డుకెందుకు పోతుంది, ఆ పూటే సరుకుబండి తగిలించుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిందని చెప్పింది. మరి మూడేళ్ళు నోరు మూసుకుని ఎలా కూర్చున్నావని కేకలు వేశాను. ఎప్పుడు చెప్పమన్నావని తిరిగి నన్నే అడిగింది. సాయంత్రానికే కాలనీ అంతా వరహాలమ్మ బండాపింది అని పాకిపోయిందట. కాదు, నా వల్లే పోయింది అని చెప్పబోతే, సమ్మెలో ఉన్నవాళ్ళ గుండె నీరు కార్చొద్దు, ఇప్పుడు ఊరుకో అన్నాడట పోలరాజుగారు. ఊరుకుంది. ఊరుకోవడం ఎప్పుడు ఆపాలో ఆ తరవాత ఎవరూ చెప్పలేదు.

మేము మాటల్లో పడి చూసుకోలేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి ఇంటి పక్క సందులోనే నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు గానీ విన్నాడు. మొహం కడుక్కోకుండా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"జైల్లో ఒకొక్కడూ తప్పయిపోనాదని రాసిచ్చి బయటికి ఎల్లిపోతన్నాడు" అన్నాడు అమ్మ వైపు చూడకుండా. "నానూ రాసిచ్చీదును. ఆ దినమే ఈ కబురొచ్చింది. వరహాలమ్మ మొగుడని నన్ను ముందర కూకోబెట్టినారు. ఆ మాట పట్టుకోని ఉండిపోనాను. ఇప్పుడు కాదంటే నాకేటి మిగుల్తాది?"

ఆ మాట అడిగినందుకు నాన్న మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ కలిసి నన్ను నిలవనివ్వలేదు. బిందె తీసుకుని బోరింగుకు పోయాను, నీళ్ళు అవసరం లేకపోయినా.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. గదిలో అమ్మా నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు తప్పించుకు తిరిగాం. పోలింగు ముందు లోకో కాలనీలో పెద్ద సభ పెట్టారు. తిరిగి ఉద్యోగాల్లో చేరినవాళ్ళందరికీ సన్మానం, దాంతోబాటే ఓట్ల ప్రచారం. నాన్న ముందువరసలో కూర్చున్నాడు. అమ్మను వేదిక ఎక్కించారు. పోలరాజుగారు జముకు తీగ మీటి మొదలుపెట్టబోతుంటే అమ్మ కుర్చీలోంచి లేచింది. మైకు దగ్గరకు నడిచింది. జనం ముందు ఆశ్చర్యపోయి, తరవాత ఒకటే చప్పట్లు.

అమ్మ చెప్పింది. ఇంటి గుమ్మంలో నాకు ఎలా చెప్పిందో అక్కడా అలాగే చెప్పింది. బావగారు బండాపినారు, నానే లేసి దారిచ్చినాను, బండి ఎల్లిపోనాది, ఆయన నా మీదికి తోలనేదు, నాను పడుకోనేదు. అంతే. మైకు దగ్గర ఏం చేయాలో తెలియక, చెప్పడం అయ్యాక కూడా కాసేపు దాన్ని పట్టుకునే నిలబడింది. నాన్న తల వంచుకున్నాడు.

అప్పుడు పోలరాజుగారు వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. దొంగ నీళ్ళని ఇప్పటికీ అనలేను. అన్నలారా, అక్కలారా, చూశారా ఈ తల్లిని అన్నాడు. మొగుడి తోడబుట్టినవాడి పరువు కోసం తన పేరే తీసి మట్టిలో పారేసుకుంటోంది, చంపబోయినవాడి తప్పు తన నెత్తిన వేసుకుంటోంది, ఇదయ్యా మన ఆడవాళ్ళ గుండె అన్నాడు. మైదానం లేచి నిలబడింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. వరహాలమ్మకు జై అన్నారు. అమ్మ కాదు కాదు అని తల అడ్డంగా ఊపుతుంటే ఆ ఊపడం చూసి ఇంకా గట్టిగా అన్నారు. దండల మీద దండలు పడ్డాయి. ఆ వెంటనే జముకు మోగింది. ఆ సాయంత్రం పాటలో ఇంకో చరణం చేరింది, క్షమించిన తల్లి అని.

టెంపోల దగ్గరికి నడుస్తుంటే తవిటమ్మ వెనక నుంచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు పట్టాల మీద అమ్మ పక్కన కూర్చున్న మనిషి. నిజం తెలిసినవాళ్ళలో ఒకరు దొరికారని నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకే అబద్దాలాడతావు?" అంది తవిటమ్మ, ప్రేమగానే. "పక్కనున్న నాకు తెలీదేటి? పడుకున్నావు నువ్వు. నానే నీ రెక్కట్టుకోని లాగినాను, నువ్వు రానంటే రానన్నావు."

అమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తవిటమ్మ ఆటపట్టించడం లేదు. ఆ రెక్క పట్టుకు లాగడం ఆమెకు నిజంగానే గుర్తుంది. ఇంటి దగ్గర టెంపో దిగాక అమ్మ, "ఏమో, నిజంగా లాగిందేటే?" అని నన్ను అడిగింది. నాకు భయం వేసింది.

నాన్న ఆ రోజు నుంచి అమ్మతో మాట మానేశాడు. కథ పోలేదు, పైగా పెరిగింది, ఆయన కోరుకున్నదీ అదే. అయినా మనిషి స్థిమితంగా లేడు. పళ్ళెం ముందు కూర్చుని సగంలో లేచిపోయేవాడు. డ్యూటీ లేనప్పుడు కూడా షెడ్డు వైపు వెళ్ళి వచ్చేవాడు. రాత్రి మంచం మీద పక్క తిప్పుతూ ఉంటే నులక కిర్రుమనే చప్పుడుకు మాకెవరికీ నిద్ర పట్టేది కాదు.

జూను ముప్ఫై వచ్చింది. తొలకరి పడి రెండు రోజులైంది, షెడ్డు చుట్టూ బొగ్గు బురద. నేను సేఠ్‌కు జ్వరమని చెప్పి బిష్టుపూర్‌లో బంతిపూల దండలు కొనుక్కుని వచ్చాను. అమ్మ సిద్ధంగా ఉంది. నాన్నకు చెప్పావా అంటే, తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయాడంది. తమ్ముడు రానన్నాడు, సైకిలు మీద ఎక్కడికో పోయాడు.

పెద్దమ్మ ముందే వచ్చి షెడ్డు బయట, ఇంజన్లు బూడిద దులిపే గుంట పక్కన నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది. ఒక్కతే నిలబడితే ఆ పట్టుచీర ఎంత ఎబ్బెట్టుగా ఉందో. అమ్మను చూసి దగ్గరికి జరిగింది. షెడ్డులో పనివాళ్ళు ఉన్నారు. అటు మొహం తిప్పుకుని రెంచీలు పట్టుకుని ఏదో చేస్తున్నట్టు ఉన్నారు. పోలరాజుగారు కూడా ఉన్నాడు. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు, అమ్మకు మాత్రమే. ఆయన దృష్టిలో క్షమించిన తల్లి వచ్చింది కదా. బాజా లేదు. చినుకులు పడుతున్నాయి.

చక్రధర్‌పూర్ నుంచి వచ్చిన సరుకుబండిని యార్డులో వదిలేసి ఇంజను ఒక్కటే షెడ్డు వైపు వచ్చింది. మెల్లగా వచ్చి గుంట ముందు ఆగింది. పెద్దనాన్న దిగాడు. మెట్టు మీద కాలు పెడుతూ ఒకసారి చుట్టూ చూశాడు. మా ముగ్గుర్నీ చూసి ఆగిపోయాడు. పెద్దమ్మ వెళ్ళి మెడలో దండ వేసింది. అమ్మ బావగారికి దండ వేయకూడదు, అందుకని తన చేతిలోది తీసుకువెళ్ళి ఇంజను ముందరి కమ్మీకి కట్టింది. వేడికి చెయ్యి వెనక్కి లాక్కుంటూ, మళ్ళీ పెడుతూ కట్టింది.

పెద్దనాన్న పెట్టె కోసం వెనక్కి తిరిగాడు. పెట్టె అప్పటికే మెట్ల మీదికి వచ్చింది. దాన్ని భుజాన పెట్టుకుని బొగ్గుమసి మొహంతో దిగుతున్న మనిషి మా నాన్న.

ఆ రోజు పెద్దనాన్నతో వెళ్ళాల్సిన ఫైర్‌మన్ ఒంట్లో బాగాలేదన్నాడట. ఇంకొకడూ అదే అన్నాడట. నాన్న వెళ్ళి నన్ను వేయండని అడిగాడట. ఇవన్నీ తరవాత తెలిసినవి. నాన్న పెట్టె మోస్తూ ముందు నడిచాడు, పెద్దనాన్న ఆయన వెనక, మేము ముగ్గురం ఆడవాళ్ళం వాళ్ళ వెనక. షెడ్డులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. కాలనీ వీధిలో తలుపులు మూసే ఉన్నాయి గానీ కిటికీలు మూయలేదు. ఎవరూ కలవలేదు. నాకు ఒక్కొక్క కిటికీనీ పట్టుకుని తిట్టాలనిపించింది.

క్వార్టరు చేరాక పెద్దమ్మ అందరికీ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి మజ్జిగ కలిపింది. పెద్దనాన్న మంచం మీద కూర్చున్నాడు, నాన్న గుమ్మం దగ్గర చాప మీద. అమ్మ అలవాటుగా తలుపు వెనక్కి తప్పుకుని నిలబడింది. పెద్దనాన్న గ్లాసు అందుకుని నా వంక చూశాడు.

"సిన్నమ్మీ, మీ అమ్మతో ఒక మాట సెప్పు" అన్నాడు. అమ్మ ఆయనకు చేయి చాపితే అందేంత దూరంలో ఉంది.

"ఆ దినం ఇంజనులో నా ఎనకాల తుపాకీ పట్టుకోని పోలీసోడున్నాడు. పద అన్నాడు, వచ్చినాను. బయపడ్డాను, అది అబద్దం కాదు. ఎదర ఆడోళ్ళు కూకున్నారు. అందులో మీ అమ్మని సూసినాను. సూసి ఆపినాను. మా మరదలు పట్టాల మీదున్నాది, నాను తోలనేను, కాల్సుకుంటే కాల్సుకో అందామని నోటిదాకా వచ్చింది. అందుకే తల బయటెట్టినాను, అదిగో ఆవిడే అని ఆడికి సూపిద్దామని." ఒక గుక్క తాగాడు. "లేసిపోనాది."

నేను చెప్పక్కర్లేకపోయింది. బయట వాన పెరిగింది. పెద్దమ్మ చేతిలో చెంబు అలాగే ఉంది. అమ్మ తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చింది. కొంగు కప్పుకోవడం కూడా మరిచిపోయి ఆయన ముందే నిలబడింది.

"కూకో అని ఒక్క మాటంటే కూకుందును గదా, బావా" అంది. ఆయనతో నేరుగా ఆమె మాట్లాడడం మా ఇంట్లో ఎవరం అంతకుముందు వినలేదు.

పెద్దనాన్న తల దించుకున్నాడు.

"పరాయోడి ముందర నీతో ఏటి మాటాడతాను, వరహాలూ?"

నాన్న మజ్జిగ ముట్టుకోలేదు. అరచేతుల మసి వంక చూసుకున్నాడు. "పోనీలే అన్నా. పాటలోనైనా ఆగింది గదా" అన్నాడు.

అమ్మ ఇద్దరి వైపూ చూసింది. తరవాత అక్కడే, పెద్దనాన్న ఎదురుగా, నేల మీద కూర్చుంది.